నాలుగింటిలో ఒకటి

“ఇలా పంపితే ఫైలు వెనక్కొస్తుందండీ. పురుగుమందు లోపలికి ఎలా వెళ్ళిందో రాయాలి,” అంది సుప్రజ డాక్టరుతో.

బందరులోని ఆ ఆసుపత్రిలో ఆరేళ్ళుగా ఆమె పని అదే. డాక్టరు రాసిన జబ్బుకు సరిపడే కోడ్ వెతికి బీమా కంపెనీకి పంపాలి. విషం అంటే ఆ కంపెనీకి చాలదు. పొరపాటున తాగాడా, కావాలని తాగాడా, ఎవరైనా పట్టించారా, తెలియదా, నాలుగింటిలో ఒకదాని మీద నొక్కాల్సిందే. తెలియదంటే ఫైలు కదలదు. కావాలని తాగాడంటే పైసా రాదు. అవతల మనిషి చావుబతుకుల మధ్య కొట్టుకుంటుంటే వీళ్ళకు గడులు నింపాలి.

డాక్టర్ రఘునందన్ కేసు షీటులో ‘పురుగుమందు’ అని ఒక్క ముక్క గీకి వెళ్ళిపోయాడు. అడిగితే, వెంట వచ్చినవాళ్ళు చెప్పింది వేసెయ్యమన్నాడు. ఎప్పుడూ అంతే. పేషెంటు అంకమ్మరావును అడుగుదామంటే గొంతులో గొట్టం ఉంది.

దివిసీమ నుంచి అతన్ని తెచ్చింది తమ్ముడు గోవర్ధనరావు. నాలుగు రోజులుగా ఐసీయూ గుమ్మం వదల్లేదు. చేలో మందు కొడుతుంటే గాలి ఎదురు తిరిగిందని మొదట చెప్పాడు. కడుపు కడిగితే మందు పడిందని నర్సుల షీటులో ఉందని సుప్రజ మెల్లగా అనేసరికి తల దించుకున్నాడు.

“చేను మునిగిందమ్మా. అన్నయ్య మనసు విరిగిపోయింది. ఉన్నది ఉన్నట్టు రాస్తే పోలీసులు ఇంటికొచ్చి ఆడవాళ్ళని కూర్చోబెట్టి అడుగుతారు. మా వదిన తట్టుకోలేదు.”

“అబద్ధం ఎలా రాయనండీ?” అంది గానీ ఆమె చెయ్యి ఆడలేదు. పోయిన నెల చల్లపల్లి మనిషి ఫైలులో నిజమే నొక్కింది. బీమా రాక, ఇంటివాళ్ళు వైద్యం మధ్యలోనే తీసుకెళ్ళిపోయారు. మూడో రోజు అతను పోయాడు. ఆ పాపం ఇంకా ఆమెను తింటూనే ఉంది.

‘పొరపాటున’ మీద నొక్కింది. ఆసుపత్రి ఔట్‌పోస్టు కానిస్టేబులూ తన పుస్తకంలో అదే ఎక్కించుకుని వెళ్ళాడు. రెండో రోజుకల్లా కంపెనీ ఒప్పుకుంది. గోవర్ధనరావు చేతులు జోడించాడు. ఆ రోజు సుప్రజ కడుపునిండా అన్నం తింది.

వారానికి అంకమ్మరావును ఇంటికి పంపేస్తున్నారు. గొట్టం తీసి ఒక రోజైంది. మాట ఇంకా సరిగ్గా రాలేదు. ఎవరేం అడిగినా తమ్ముడే జవాబు చెప్తున్నాడు.

తమ్ముడు ఆటో కోసం కిందికి వెళ్ళినప్పుడు సుప్రజ సంతకానికి కాగితాలు తెచ్చింది. అంకమ్మరావు కూడబలుక్కుంటూ అంతా చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. సంతకం పెట్టడేం?

“భయపడకండి. మీకు ఏ ఇబ్బందీ లేకుండా రాశాను. ఇంకెప్పుడూ అలాంటి పని చెయ్యకండి. చూసుకోడానికి తమ్ముడున్నాడుగా,” అంది.

కింద ఆటో హారను మోగింది. అంకమ్మరావు గొంతు పెగల్చుకున్నాడు.

“కల్లులో కలిపి పోసింది మా గోవర్ధనరావేనని ఇందులో ఎక్కడ రాశారమ్మా?”