గట్టు మీద బలాబలాలు

వరిమడి గట్టుకు ఇటు కప్పలు, అటు ఎండ్రకాయలు ఉండేవి. గట్టు ఎవరిదో యుద్ధంతో తేల్చుకుందామనుకున్నాయి. ముందు బలాబలాలు చూసుకోవడానికి ఒక ముసలి కప్ప, ఒక ముసలి ఎండ్రకాయ గట్టెక్కాయి.

"గట్టు తెగ్గొట్టి మీ మడి ముంచేస్తాం," అంది కప్ప.

"ముంచండి, మాకు నీళ్లంటే ఇష్టమే. మా కత్తెర కాళ్లతో మీ కాళ్లు తెంచేస్తాం."

"అందాకా గెంతకుండా కూర్చుంటామా?"

రెండూ ఆలోచనలో పడ్డాయి.

ఇంతలో ఒక గేదె, అవతల పచ్చగడ్డి చూసి, గట్టు తొక్కుకుంటూ వెళ్లిపోయింది. గట్టు నేలమట్టమైంది. బొరియలు పూడిపోయాయి. కప్పల్లో సగం మళ్లీ కనబడలేదు. గేదె కిందికి చూడనైనా లేదు.

చాలాసేపటికి ఎండ్రకాయ ఒంటి కత్తెరతో బురదలోంచి లేచింది.

"ఎక్కడిదాకా వచ్చాం, బావా?"

"మీకంటే మాకే బలమెక్కువని తేలబోతోంది," అంది కప్ప, కుంటుకుంటూ దగ్గరికొచ్చి.