జిరాక్సులో పడని గీత

“ఆ టైము రాయకండి హెన్రీగారూ, చెల్లదు,” అన్నాను.

తాడేపల్లిగూడెం రూబిక్ క్యూబు పోటీలో మా పెర్సిస్ పంతొమ్మిది సెకన్లలో రంగులన్నీ కుదిర్చి అప్పుడే మొదటి స్థానానికి వచ్చింది. ఏ వైపు ఎటు తిప్పాలో అక్షరాల్లో ఉన్న పేపరు చూసి పిల్లలకి క్యూబులు చెదరగొట్టి ఇచ్చేది నేను.

“అక్షరం పక్కన వెనక్కి తిప్పమనే చిన్న గీత జిరాక్సులో పడలేదండీ. ముందుకు తిప్పేశాను.”

“నాన్నా! మళ్లీ నాకింత టైము వస్తుందా?” పెర్సిస్ ఏడుపు ఆపుకుంది.

పోటీ నడిపే హెన్రీగారు ఆమెకి ఇంకో అవకాశమిచ్చారు. అసలు కాగితంతో పోల్చి, వెనక్కి తిప్పాల్సిన అక్షరాలన్నిటికీ ఎర్రసిరాతో సున్నా చుట్టాను. తప్పు ఒప్పుకున్నాను కదా, దేవుడి ముందు మనసు తేలికైంది.

పెర్సిస్ క్యూబు ముట్టలేదు.

“ఇందాక ఓడిపోయిన శ్రీదుర్గకీ ఈ పేపరు చూసే తిప్పారా నాన్నా?”

నేను జవాబు చెప్పేలోపే గుమ్మం వైపు పరిగెత్తింది. “శ్రీదుర్గా, ఆగవే! బస్సెక్కకు!”