తెల్లకణాల లెక్క

"నీకు మతి పోయిందా అక్కా? నీ పేరు మీద నేను రక్తమివ్వాలా?"

"మెల్లగా. గోడలకే చెవులుంటాయంటారు, ఇక్కడ బల్లలకి కూడా ఉన్నాయి."

ఆస్పత్రి మెట్ల కింద, విరిగిన కుర్చీలు పేర్చిన మూలలో అక్కాచెల్లెళ్ళు నిలబడి ఉన్నారు. అక్క దర్జీ షాపులో కాజాలు కుడుతుంది. ఏడు నెలలుగా ఆమెకి నెలసరి లేదు. గడ్డం మీద వెంట్రుకలు మొలిచినప్పటి నుంచి, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా స్కార్ఫ్ చుట్టుకోనిదే గడప దాటదు. ఆమె జబ్బు పీసీఓఎస్. దానికో కొత్త మందుని ఈ ఆస్పత్రిలో పరీక్షిస్తున్నారు. బజారులో ఇంకా దొరకదు.

"ఈ జబ్బుకి ఒంట్లో సైన్యం శత్రువు లేకుండానే యుద్ధం చేస్తుందట. తెల్లకణాలు పెరిగిపోతాయట. మందు పడితే అవి తగ్గాలి. నాకు రెండుసార్లూ తగ్గలేదు. ఇవాళ ఆఖరి పరీక్ష."

"ఇవాళా తగ్గకపోతే?"

"మాత్రలిచ్చే ఈ కార్డు లాక్కుంటారు. పోయిన నెల నా పక్కన కూర్చునే టీచరమ్మది అలాగే తీసేసుకున్నారు. మళ్ళీ ఆవిడ ఇక్కడ కనబడలేదు."

"పని చెయ్యని మందు మింగి ఏం లాభమే?"

"కాస్త ఆలస్యంగా పట్టొచ్చుగా. అందరి ఒళ్ళూ ఒకటేనా? మీ బావ నా ముఖం వంక చూసి మాట్లాడి ఏడాదైంది. నాకింకో దారి లేదే."

"దొరికిపోతే?"

"జన్మలో ఈ గేటు దాటనివ్వరు."

చెల్లెలు నిట్టూర్చి చెయ్యి చాపింది. "ఇటివ్వు. అమ్మ ఇద్దరికీ ఒకే కళ్ళిచ్చింది. ఇన్నాళ్ళకి పనికొచ్చాయి."

స్కార్ఫూ కార్డూ చేతులు మారాయి. చెల్లెలు వెళ్ళగానే అక్క గోడవైపు తిరిగి, గడ్డానికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

రక్తం తీసే గదిలో టెక్నీషియన్ తలెత్తలేదు.

"రా స్కార్ఫమ్మా, కూర్చో. చెయ్యి పెట్టు." సూది గుచ్చాక ఒక్క క్షణం ఆగాడు. "అదేంటి, ఇవాళ నరం ఇట్టే దొరికింది? పోయినసారి వెతకలేక చచ్చాను."

చెల్లెలు స్కార్ఫు ఇంకాస్త పైకి లాక్కుంది. "నీళ్ళు బాగా తాగొచ్చాను."

"రోజూ ఇలాగే తాగిరా తల్లీ, నీకు పుణ్యముంటుంది." కార్డు మీది నంబరు చూసి, రక్తం గొట్టం మీద రాసి పక్కన పెట్టాడు. "తర్వాతెవరు?"

నాలుగు రోజుల తర్వాత అక్క డాక్టరమ్మ ముందు కూర్చుంది. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చదివింది. ఆ కాస్త సేపట్లో అక్క స్కార్ఫు అంచు చెమటతో తడిసిపోయింది.

"తగ్గాయమ్మా. తెల్లకణాలు మామూలు మనిషికున్నట్టే ఉన్నాయి. నెలసరి వచ్చిందా?"

"వచ్చింది మేడమ్." మొదటి అబద్ధానికి కాపలాగా రెండోదాన్ని కూర్చోబెట్టక తప్పలేదు.

"మంచిది."

"అయితే నన్ను తీసెయ్యరుగా? మాత్రలిస్తారుగా?"

డాక్టరమ్మ ఫైల్లోంచి సీలు వేసిన కవరు తీసి చింపింది. లోపలి కాగితం చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నువ్వు సంతకం చేసిన కాగితాల్లో రాసే ఉంది, చదివావో లేదో. సగం మందికి అసలు మందిస్తాం. సగం మందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఉత్తి మాత్రలిస్తాం. ఎవరికి ఏవి వెళ్ళాయో ఈ ఆఖరి పరీక్ష దాకా మాకూ తెలియదు. నువ్వు మింగినవి ఉత్తి మాత్రలు."

"మరి... ఆ టీచరమ్మ?"

"ఆవిడవీ ఉత్తివే. తెల్లకణాలు తగ్గలేదు. అలాంటివాళ్ళ కార్డులు మార్చి, పై అంతస్తులో అసలు మందు మొదలుపెట్టాం. ఇప్పుడు బాగుంది."

డాక్టరమ్మ అక్క చేతిలోంచి కార్డు తీసుకుని, దాని మీద అడ్డంగా గీత కొట్టింది.

"నీకు మందు లేకుండానే నయమైపోయింది, ఇక రానక్కర్లేదమ్మా."