చివరిసారి తెరిచిన తేదీ

"తొందరగా తెరుచుకోవాలి నాయనా. కూచోగానే తెరుచుకోవాలి. నాక్కావలసింది అంతే" అన్నాడు ముఫ్లిహ్, చంకలోని లాప్‌టాప్‌ను బల్లమీద పెడుతూ.

జోర్డాన్‌లోని ఇర్బిద్‌లో, యూనివర్సిటీ వీధి చివర వస్ఫీ రిపేరు కొట్టు. ముఫ్లిహ్ ముప్పై ఏళ్ళు అమ్మాన్ బస్సు నడిపి రిటైరైనవాడు. లాప్‌టాప్ ఆయన కూతురు రహఫ్‌ది.

"కొత్త డిస్కు వేసి, కొత్త సిస్టమ్ ఎక్కిస్తాను. ముందు ఇది మోయగలదో లేదో చూడాలి పెద్దాయనా."

"చూడు. చలికాలం పొద్దున్న నా బస్సు కూడా ఇంతకన్నా ముందే కదిలేది."

వస్ఫీ నవ్వి మీట నొక్కాడు. అది తెరుచుకునేలోపు ఇద్దరూ చెరో గ్లాసు టీ తాగేశారు.

"అమ్మాయేం చేస్తుంది?"

"దుబాయ్ కంపెనీకి అనువాదాలు. ఇంట్లోంచే. తొమ్మిదింటికి తలుపేసుకుంటే మళ్ళీ తీసేది ఐదింటికే. టీ కూడా గుమ్మం దగ్గరే పెట్టి వెళ్ళమంటుంది. బాగుచేయిస్తా, ఇవ్వమ్మా అంటే ఇవ్వదు. పని ఆగిపోతుందట. ఇవాళ శనివారం, సెలవు కదా, వాళ్ళ అత్త ఇంటికెళ్ళింది. దొంగతనంగా పట్టుకొచ్చేశాను."

వస్ఫీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు. మెమరీ సరిపోతుంది. ప్రాసెసర్ కొత్త సిస్టమ్‌కి పనికొస్తుంది. పాత డిస్కే నీరసించింది. చివరగా, దాన్ని ఎప్పుడెప్పుడు తెరిచారో చూపించే పట్టిక తీశాడు. అది అతని అలవాటు.

ఇవాళ్టి తేదీకి ముందున్నది ఫిబ్రవరి పదకొండు. ఇప్పుడు నడుస్తున్నది సెప్టెంబరు.

మధ్యలో ఒక్క రోజు కూడా లేదు.

కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అదే. ఆ పిల్లకి ఉద్యోగం ఎప్పుడో పోయింది. ఇంట్లో చెప్పుకోలేక, మూసిన తలుపు వెనక, మూసిన లాప్‌టాప్ ముందు, రోజుకి ఎనిమిది గంటలు కూచుంటోంది.

"ఎంత వాడారో కూడా తెలిసిపోతుందా అందులో?" అడిగాడు ముఫ్లిహ్, వీధిలోకి చూస్తూ.

వస్ఫీ తెరను తనవైపు తిప్పుకున్నాడు.

"తెలుస్తుంది. తెగ వాడింది మీ అమ్మాయి. అందుకే పాపం ఇది ఇంతగా అలిసిపోయింది."

ముఫ్లిహ్ తల ఊపాడు. కాసేపు అలా ఊపుతూనే ఉన్నాడు.

"విసుగొచ్చి మళ్ళీ మూసెయ్యకుండా ఉండాలి. అలా చేసిపెట్టు. ఈమధ్య పిల్లకి ఓపిక తగ్గింది."

"గ్లాసు చేతిలోకి తీసుకునేలోపు తెరుచుకుంటుంది. రేపు సాయంత్రానికి ఇస్తాను."

"అల్లా నీ చేతులు చల్లగా ఉంచాలి."

ముఫ్లిహ్ గుమ్మం దాకా వెళ్ళాడు. ఎందుకో ఆగాడు. వెనక్కి వచ్చి, బల్లమీద రెండు చేతులూ ఆనించి, గొంతు తగ్గించాడు.

"ఇది నీ దగ్గరుందని తెలియగానే రహఫ్ పరిగెత్తుకొచ్చి, మా నాన్నకేం చెప్పావని అడుగుతుంది, ఇప్పుడు నాకు చెప్పిన అబద్ధమే చెప్పానని చెప్పు నాయనా, ఫిబ్రవరి నుంచీ నాకు తెలుసని తెలిస్తే తట్టుకోలేదు."