జేడ్ మొక్కా, ఆరో సంగతీ

ఆమెకు చీకటంటే భయం లేదు, బల్లులంటే లేదు. మరిచిపోవడమంటే మాత్రం ప్రాణం పోయేంత భయం.

చంటిది పుట్టాక అది మరీ ముదిరింది. ఒకరోజు పౌడర్ డబ్బా ఫ్రిజ్‌లో దొరికింది. పెరుగు గిన్నె బీరువాలో తేలింది. చీరలకు ఆ వాసన వదలడానికి వారం పట్టింది. అప్పటినుంచి గడప దాటాలంటే చూసుకోవాల్సినవన్నీ ఎడమ అరచేతిలో పెన్నుతో రాసుకుంటోంది. భర్త దానికి 'కోడలి రిజిస్టర్' అని పేరు పెట్టాడు.

ఆ ఉదయం రిజిస్టర్‌లో ఐదు పద్దులున్నాయి. గ్యాస్, కుళాయి, ఇస్త్రీపెట్టె, పాలసీసా, మామగారి మాత్ర. పదకొండు గంటల రైలుకి ఆడపడుచు వస్తోంది. భర్తతో కలిసి స్టేషన్‌కి వెళ్లాలి.

వెళ్లేలోగా జేడ్ మొక్క సంగతి తేల్చాలి.

ఆ మొక్క ఆడపడుచు ఇచ్చిందే. వేలెడంత కొమ్మ ఇచ్చి, పెంచి బోన్సాయ్ చెయ్యమని చెప్పి వెళ్లింది. మొక్క బాగానే బలిసింది కానీ, వంటింటి కిటికీ వెలుతురు కోసం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఫోటో పెట్టమని అడిగినప్పుడల్లా కోడలు ఫోన్‌నే ఒక పక్కకి వంచి తీసేది. మొక్క నిటారుగా వచ్చేది. "మొక్క బాగుంది, మీ గోడే ఎందుకో ఒరిగినట్టుంది, మేస్త్రీకి చూపించండి" అని ఆడపడుచు జవాబు పెట్టింది. ఇవాళ ఆవిడ గోడనీ మొక్కనీ కళ్లారా చూస్తుంది.

సాయానికి మామగారు వచ్చారు. మాట తక్కువ మనిషి. సర్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గీతల కర్ర పట్టుకున్నారు. దూరంగా దుర్భిణీలోంచి చూసే ఆఫీసరు చెయ్యి ఊపేదాకా ఆ కర్ర వంగకూడదు, మనిషి కదలకూడదు. ఒకసారి ఆఫీసరు టీకి వెళ్లి అక్కడే కబుర్లలో పడితే, ఈయన వానలో అలాగే నిలబడ్డారట. ఆయనకు తెలిసిన కథ అదొక్కటే. ఇంటికొచ్చిన పాలవాడి దగ్గర్నుంచి పెళ్లిచూపుల నాటి కోడలి దాకా అందరూ విన్నారు.

బాల్కనీలో పాత దుప్పటి పరిచారు. మామగారు ఒక కన్ను మూసి మొక్కను కొలిచారు.

"నాలుగు వేళ్లు ఒరిగింది" అన్నారు.

కోడలు కుండీ బోర్లించి తట్టింది. మట్టిగడ్డ ఊడింది. మొక్క వేళ్లకు పట్టిన పాత మన్ను విదిలించి, పొడుగు వేళ్లు కత్తిరించింది. లోతు తక్కువ పళ్లెంలాంటి కుండీలో ఇసుకా, ఇటుక ముక్కలూ కలిపిన మన్ను పోసింది. నర్సరీ ఆయన మరీమరీ చెప్పాడు, జేడ్ కొమ్మ దోసకాయ లాంటిది, విసురుగా వంచితే పుటుక్కుమంటుందని. అందుకే ఊపిరి బిగబట్టి రాగితీగ చుట్టింది. చుట్టుచుట్టుకీ కొంచెం కొంచెం వంచింది. తర్వాత చుట్టాల్సిన తీగముక్కల్ని మామగారు దర్జీ సూదుల్లా పెదాల మధ్య పెట్టుకున్నారు. రెండు చేతులతో మొదలు పట్టుకుని నిలబెట్టారు.

"సరిగ్గా ఉందా మామయ్యా?"

ఆయన తీగముక్కల సందులోంచే అన్నారు. "నా పని నాకు తెలుసు. నువ్వు నీ పని చూసుకో."

సరిగ్గా అప్పుడే లోపల చంటిది లేచి ఏడ్చి ఇల్లు పీకి పందిరేసింది.

కోడలు మట్టి చేతులు కడుక్కుని పరిగెత్తింది. మట్టితోపాటు రిజిస్టరూ కొట్టుకుపోయింది. చంటిదాన్ని చంకనేసుకుని గుర్తుచేసుకుంటూ మళ్లీ రాసింది. ఐదూ వచ్చాయి. అయినా ఆరోది ఏదో ఉన్నట్టు మనసు పీకింది.

కింద భర్త హారన్ కొడుతున్నాడు. గ్యాస్ కట్టేసింది. కుళాయి బిగించింది. ఇస్త్రీపెట్టె తీగ పీకేసింది. పాలసీసా సంచిలో పడేసింది. మాత్రా మంచినీళ్లూ బల్ల మీద పెట్టి, వంటింటి కిటికీలోంచి బాల్కనీ వైపు కేకేసింది.

"మామయ్యా, వెళ్లొస్తాం."

మామగారు ఇటు తిరగకుండానే తలూపారు. ఆయన భుజం మీదుగా చూస్తే జేడ్ మొక్క స్కేలు పెట్టి గీసినట్టుంది. కోడలికి కడుపు నిండిపోయింది.

స్టేషన్‌కి వెళ్తే రైలు రెండు గంటలు ఆలస్యమన్నారు. కోడలు బెంచీ మీద కూర్చుని పదిసార్లు అరచెయ్యి చూసుకుంది.

"ఏదో మరిచిపోయానండీ" అంది.

"పుట్టాక నువ్వు మరిచిపోనిది ఈ మాట ఒక్కటే" అన్నాడు భర్త.

అతను ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. నాన్న ఈపాటికి మాత్ర వేసుకుని కునుకు తీస్తుంటారని తేల్చేశాడు. కోడలి మనసు కొంచెం కుదుటపడింది. వచ్చిన దగ్గర్నుంచీ చంటిది కూడా ఏడవలేదు. ఇంత సవ్యంగా గడిచిన రోజు ఈమధ్య లేదనుకుంది.

ఎట్టకేలకు రైలు వచ్చింది. పెట్టె తలుపు దగ్గర నిలబడ్డ ఆడపడుచు వీళ్లని చూసి చెయ్యి ఊపింది.

"నా మొక్క ఎలా ఉంది?" అని అక్కణ్నుంచే అరిచింది.

"నిటారుగా ఉంది వదినా" అంటూ కోడలు కూడా చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది.

మీలో ఎవరైనా ఆ వీధి వైపు వెళ్తే, రెండో అంతస్తు బాల్కనీలో తీగముక్కలు నోట కరుచుకుని, జేడ్ మొక్కను పట్టుకుని పొద్దుటినుంచీ నిలబడి ఉన్న పెద్దాయన ఎలా ఉన్నారో కాస్త చూసి, ఆయనకు కనబడేలా ఒక్కసారి చెయ్యి ఊపండి.