మునుగుడుకోడి చూసిన పాదాలు

ఏ ఊళ్లోదని అడక్కండి, ఒక పెద్ద మడుగుంది. అందులో పది కుర్ర గూడబాతులు నెలవంకలా వరస కట్టి, చేపల్ని ఒడ్డుకు తోలి పట్టేవి. ఆ విద్య నేర్పిన ముసలి గురువు ఒకనాడు ఆ పదిమందిలో వరస తప్పిన బక్కోణ్ణి నెత్తురొచ్చేలా పొడిచాడు. విచారణ తేలేదాకా ఆయన్ని నీళ్లలో దిగొద్దని పక్షుల పంచాయతీ ఆపేసి, నేర్పే పని మునుగుడుకోడికి అప్పగించింది.

మర్నాడే నీటికాకులతో చేపలు పట్టే పోటీ. ఓడితే మడుగులో లోతున్న సగం వాటిదే.

"గుప్పెడు లేవు, నువ్వేం నేర్పుతావే అత్తా?" అన్నాడొక కుర్రాడు.

"నోరు మూసుకుని ఈదరా, చూసి చెబుతా" అని మునుగుడుకోడి బుడుంగున మునిగింది.

కిందనుంచి చూసి నిలువునా నివ్వెరపోయింది. అన్ని పాదాలూ ఒక్క పాదంలా నీటిని తోస్తున్నాయి. 'ఎంత విద్య పెట్టాడయ్యా!' అనుకుంది. అంతలో చివర ఒక జత వణుకుతూ కనబడింది. బక్కోడివి. 'ఈ వణుకూ ఆయన పెట్టిందే' అనుకుంది.

పైకొచ్చి, "బక్కోడా, నడిమికి రా. మిగతావాళ్లంతా వీడెంత వేగం పోతే అంతే పోండి" అంది.

"ఓడిపోతాం అత్తా!"

"ఓడితే నన్నూ తీసేస్తారు. ఈదండి!"

మర్నాడు వరస మెల్లగా కదిలింది. ఎక్కడా సందు లేదు, ఒక్క చేపా జారలేదు. ఒడ్డు పొడుగునా నీళ్లు వెండిలా ఎగిరిపడ్డాయి. తమ వంతొచ్చినా నీటికాకులు మునగడం మరిచి, ఆరేసిన రెక్కలు ఆరేసినట్టే నిలబడిపోయాయి.