పటంలో నీలిరంగు

రాత్రి ఒకటిన్నరకల్లా ఊరంతా తుపాను షెల్టర్‌కు చేరింది. మునిరత్నం ఒక్కడే మిగిలాడు. ఆయన కూతురు కోమలి గ్రామ సచివాలయంలో పనిచేస్తుంది. టార్చి పట్టుకొని ఇంటికి వచ్చింది. ఆయన ముందు గడప మీద కూర్చుని సముద్రాన్ని చూస్తున్నాడు.

“లే నాయనా. మూడు గంటలకు ఆరడుగుల నీళ్లొస్తాయంట.”

“ఎవురు సెప్పినారు?”

“బంగాళాఖాతం సుట్టూ ఉండే దేశాలోళ్లంతా కలిసి లెక్కగట్టినారు. తిరపతి కలెక్టరాఫీసు నుంచి పంపినారు, సూడు.”

ఫోనులో పటం చూపింది. ఊరికి పడమట, పులికాట్ సరస్సు వైపంతా మునుగుతుందని నీలిరంగు వేసి ఉంది.

మునిరత్నం నవ్వాడు. “సముద్రం తూరుపున ఉండాది గదమ్మా. అంతమందిలో ఒక్కడికన్నా దిక్కులు తెలీవా?”

ఆమెకూ సాయంత్రం నుంచి అదే అనుమానం. సముద్రం వైపు టార్చి వేసింది. అలలు రోజూ విరిగే చోటే విరుగుతున్నాయి.

“నీ మాటే నిజమనుకో. నా కోసం రా.”

ఆయన చొక్కా కోసం లోపలికి నడిచాడు. ఆమె వెంట వెళ్లింది. ఆమె వచ్చేటప్పుడు ఇంటి వెనుక, సరస్సు వైపు, కప్పలు గోల చేస్తున్నాయి. ఇప్పుడు ఒక్కటీ అరవడం లేదు.

“టైమెంత నాయనా?”

“రెండు గూడా కాలేదు.”

వెనుక తలుపు కదిలింది. బయట నుంచి ఎవరో అరచేత్తో మెల్లగా నెట్టినట్టు గడియ కిర్రుమంది. ఆగింది. మళ్లీ కిర్రుమంది.

“మేకొచ్చినట్టుండాది” అంటూ మునిరత్నం గడియ మీద చెయ్యి వేశాడు.

మేకను పొద్దున్నే ఆమె షెల్టర్ దగ్గర కట్టేసి వచ్చింది.

“నాయనా, తీయొద్దు!”

గడియ అప్పటికే సగం జరిగింది.